పక్షితో పాటు ఏమేం ప్రయాణిస్తాయి: తరలించిన అరుదైన పక్షుల్లో బాక్టీరియా జాడ పట్టేదెలా?

2023 ఆగస్టులో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో, వాకటిపు సరస్సు ఎగువన ఉన్న లోయలో 18 తకహే పక్షులను వదిలారు. ఆ నేల న్గాయ్ తహు అనే మావోరీ తెగవారిది. తకహే అక్కడ స్వేచ్ఛగా తిరిగి దాదాపు వందేళ్లయింది. పెట్టె తలుపు తీయగానే నీలి పక్షులు గడ్డిలోకి పరుగెత్తే దృశ్యాన్ని ప్రపంచమంతా సంతోషంగా చూసింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా దాని వెనకే ఒక అనుమానం వస్తుంది. ఒకచోట పెంచిన పక్షుల్ని ఇంకోచోటికి తీసుకెళ్తే రోగాలు కూడా వెళ్లవా? వెళ్లొచ్చు. ప్రతి పక్షి పేగుల్లో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. పక్షిని పెట్టెలో పెట్టి హెలికాప్టర్ ఎక్కిస్తే అవీ ఎక్కుతాయి. వాటన్నిటినీ ఆపడం కుదరదు, చాలావరకు ఆపాల్సిన పని కూడా లేదు. ఏది ప్రమాదకరమో, అది ఏ దారిలో వెళ్తోందో, ఎక్కడ కాపు కాస్తే ముందుగా దొరుకుతుందో తేల్చుకోవడమే కష్టం. "పక్షుల్లో బాక్టీరియా బయటపడింది" అని చదివితే మనకు టెన్షన్, "పరీక్షల్లో నెగెటివ్" అని చదివితే ఊరట. ఈ రెండు స్పందనలూ తొందరపాటే. తకహే కథ పట్టుకుని వెళ్తే అది బాగా అర్థమవుతుంది.

తకహే ఎందుకింత తిరుగుతోంది

మన కొల్లేరులోనో ఊరి చెరువులోనో తుంగ మధ్య తిరిగే ఊదారంగు నీటికోడిని చూసినవాళ్లకు తకహే మరీ కొత్తగా అనిపించదు. రెండూ దగ్గరి బంధువులే. అదే నీలం, అదే ఎర్ర ముక్కు. కాకపోతే తకహే మూడు కిలోల దాకా తూగుతుంది, ఎగరలేదు.

1898లో ఒక తకహే దొరికాక మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఈ జాతి అంతరించిందనే అనుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత, 1948 నవంబరు 20న, ఇన్వర్‌కార్గిల్‌కు చెందిన డాక్టర్ జెఫ్రీ ఓర్బెల్ బృందానికి టె అనావు సరస్సు పైనున్న మర్చిసన్ పర్వతాల్లో ఇవి మళ్లీ కనిపించాయి. ఆ ఆనందం ఎక్కువకాలం నిలవలేదు. ఐరోపా నుంచి తెచ్చిన ఎర్రజింకలు కొండగడ్డిని తినేశాయి, ముంగిసను పోలిన స్టోట్ అనే వేట జంతువు పక్షుల్నే తినేసింది. 1980ల మొదట్లో లెక్కపెడితే 118 మిగిలాయి.

అప్పుడు మొదలైంది తరలింపు. 1985లో టె అనావు దగ్గర బర్‌వుడ్‌లో సంతానోత్పత్తి కేంద్రం పెట్టారు. వేట జంతువులు లేని తిరితిరి మాటంగి, కాపిటి, మానా, మాడ్ ద్వీపాలకు కొన్ని పక్షుల్ని చేర్చారు. చిన్న ద్వీపంలో కొద్ది పక్షులే ఉంటే కొన్ని తరాలకు అన్నీ దగ్గరి చుట్టాలైపోతాయి, పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి. అందుకే జతలు కలపడం కోసం పక్షుల్ని ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి, ద్వీపం నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి కొండలకు మారుస్తూనే ఉంటారు. జబ్బు చేసినవి వన్యప్రాణుల ఆసుపత్రికి వెళ్లి వస్తాయి. 2018లో కాహురాంగి నేషనల్ పార్కులో మరో గుంపును నిలిపే ప్రయత్నం మొదలైంది. 2023 నాటికి మొత్తం సంఖ్య దాదాపు 500కు చేరింది.

ఇంత మంచి ఫలితం ఈ ప్రయాణాల వల్లే వచ్చింది. వేర్వేరు చోట్ల విడివిడిగా బతకాల్సిన గుంపుల్ని ఒకదానితో ఒకటి కలిపిందీ ఈ ప్రయాణాలే.

బాక్టీరియా ఉండటం వేరు, రోగం రావడం వేరు

కోళ్లు పెంచేవాళ్లకు కొక్కెర రోగం తెలుసు, తెల్లపారుడూ తెలుసు. మొదటిది వైరస్ వల్ల వస్తుంది, రెండోది సాల్మొనెల్లా జాతి బాక్టీరియా వల్ల. వైరస్‌కు బతికున్న కణం కావాలి. బాక్టీరియా చాలావరకు సొంతంగా బతకగలదు: పేగులో, నీటిలో, బురదలో, రెట్టలో, తిండిగిన్నె అంచున. జాడ పట్టడం కష్టమయ్యేది ఇందుకే. పక్షిని పరీక్షిస్తే సరిపోదు, అది నిలబడిన నేల కూడా ఈ కథలో భాగమే.

ఇంకో మెలిక ఉంది. ఒంట్లో బాక్టీరియా చేరడాన్ని సోకడం అంటాం. అది హాని చేసి పక్షి నలతపడితే అది రోగం. సోకినా నలత లేకుండా తిరుగుతూ రెట్టతో బాక్టీరియాను బయటికి వదిలే పక్షిని వాహకం అంటారు. ఒక పక్షికి ఏమీ చేయని సూక్ష్మజీవి ఇంకో జాతిని చంపొచ్చు. అదే పక్షికి వయసు, తిండి, ఒత్తిడి మారితే కథ మారిపోవచ్చు.

తకహేలో దీనికి చక్కని ఉదాహరణ దొరుకుతుంది. మనుషుల్లో విరేచనాలు కలిగించే బాక్టీరియాల్లో క్యాంపైలోబాక్టర్ ఒకటి. తకహే రెట్టల్లో వెతికితే ఈ కుటుంబానికి చెందిన బాక్టీరియా విరివిగా కనిపించింది. వాటిలో ఒకటి అంతకుముందు సైన్సు పేరు పెట్టని కొత్త రకం, తకహే, దాని బంధువులైన నీటికోళ్ల జాతుల్లో కాపురం ఉండేది. ఆరోగ్యంగా ఉన్న పక్షుల్లోనే అది అంతగా ఉందంటే దాన్ని రోగకారకం అనడానికి ఆధారం లేదు. బహుశా ఆ పక్షుల పేగులకు అది పాత చుట్టం. "తకహేల్లో క్యాంపైలోబాక్టర్" అనే శీర్షిక నిజమే అయినా పాఠకుడికి అందించే అర్థం తప్పు.

మూడు విషాదాలు, మూడు వేర్వేరు దారులు

తరలింపు, బాక్టీరియా, మరణం ఈ మూడూ కలిసిన సందర్భాలు అరుదే. జరిగినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతిదాంట్లో దారి వేరు.

మొదటిది కాకాపో. రాత్రిళ్లు తిరిగే, ఎగరలేని పచ్చని చిలుక, న్యూజిలాండ్‌లో తప్ప ఎక్కడా లేదు. 2002లో 24 పిల్లలు బతికి మొత్తం 86కు చేరాయి. 2004 జులైలో కొన్ని యువ పక్షుల్ని ఫెనువా హౌ ద్వీపం నుంచి చాకీ ద్వీపానికి మార్చారు. కొద్ది రోజుల్లోనే మూడు యువ ఆడపక్షులు చనిపోయాయి. సంఖ్య 83కు పడింది. అన్ని పక్షుల్లో మూడంటే నూటికి మూడున్నర. అందులోనూ గుడ్లు పెట్టాల్సిన ఆడపక్షులు. పోస్టుమార్టంలో ఎరిసిపెలోత్రిక్స్ రుసియోపాథియే అనే బాక్టీరియా రక్తమంతా వ్యాపించినట్టు తేలింది. పందుల్లో, టర్కీ కోళ్లలో పేరున్న రోగం ఇది. అడవి చిలుకలో ఎవరూ ఎదురుచూడలేదు.

కొత్త ద్వీపంలో అంటుకుందా? చనిపోయిన తీరు, సమయం చూస్తే పాత ద్వీపంలోనే ఆ బాక్టీరియా పరిచయమై ఉండొచ్చన్న ఆలోచన బలపడింది. ఫెనువా హౌలో నేలలో బొరియలు చేసుకునే సముద్రపక్షులు పెద్దసంఖ్యలో ఉంటాయి. వాటి కళేబరాలు, ఆ మట్టి అనుమానం కిందికి వచ్చాయి. అంటే బాక్టీరియా ముందే ఒంట్లోకి చేరి, పట్టుకోవడం, పెట్టెలో ప్రయాణం, కొత్త చోటు అనే ఒత్తిడి పక్షిని కుంగదీసి ఉండొచ్చు. మిగిలిన పక్షులకు టీకా వేయడం ఆ తర్వాత కాకాపో సంరక్షణలో భాగమైంది. ఒక విషయం మర్చిపోకూడదు. ఈ పక్షులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు ఉండబట్టే శవాలు కుళ్లకముందే దొరికాయి. లేకపోతే మూడు పక్షులు "కనిపించలేదు" అన్న మాటతో లెక్క ముగిసేది.

రెండోది హిహి, తేనె తాగే చిన్న పిట్ట. 1995లో హౌటురు ద్వీపం నుంచి తిరితిరి మాటంగికి తెచ్చి నిలిపారు. అక్కడ బాగా పెరిగి, ఇతర చోట్లకు పక్షుల్ని పంపే మూలగుంపు అయింది. 2006 వేసవిలో, అంటే అక్కడి ఫిబ్రవరిలో, హిహీలు చనిపోవడం మొదలైంది. కారణం సాల్మొనెల్లా టైఫిమ్యూరియం డీటీ195 అనే రకం. అప్పటిదాకా ఆ రకం న్యూజిలాండ్‌లో నమోదు కాలేదు. పక్షుల్ని తెచ్చిన పదకొండేళ్లకు, వేట జంతువులే లేని ద్వీపంలో ఈ కొత్త రకం తేలింది. ఈ జాతికి పంచదార నీళ్లు పెట్టే తొట్లు అవసరం. అవే పక్షులన్నీ ఒకచోట చేరే స్థలాలు కూడా. ఇక్కడ నిజంగా ఆందోళన కలిగించేది పాత తరలింపు కాదు, రాబోయే తరలింపులు. మూలగుంపుకు రోగం వస్తే అక్కడి నుంచి పక్షి వెళ్లే ప్రతి చోటికీ ఆ ప్రశ్న వెళ్తుంది.

మూడోది హవాయి దీవుల వరుసలో, లేసాన్ బాతు. ఒక్క లేసాన్ ద్వీపంలోనే మిగిలిన ఈ బాతుల్లో 42 పక్షుల్ని 2004, 2005 సంవత్సరాల్లో మిడ్‌వే ద్వీపాలకు తెచ్చారు. అద్భుతంగా పెరిగాయి. 2008 ఆగస్టులో బాట్యులిజం వచ్చి వందకు పైగా బాతులు చనిపోయాయి. ఇది ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి అంటుకునే రోగం కాదు. క్లాస్ట్రీడియం బాట్యులినమ్ బీజాలు బురదలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. గాలి ఆడని వెచ్చని కుళ్లులో అవి మేల్కొని విషం తయారుచేస్తాయి. కళేబరం మీది పురుగుల్లో ఆ విషం చేరుతుంది, బాతులు ఆ పురుగుల్ని తింటాయి, చచ్చిన బాతు మీద మళ్లీ పురుగులు. బాతుల్ని ఎంత పరీక్షించి తెచ్చినా ఈ ప్రమాదం దొరకదు, ఎందుకంటే అది బాతుల్లో లేదు, చేరిన చోట ఉంది. కళేబరాల్ని వెంటవెంటనే ఏరేయడమే అక్కడ పనికొచ్చింది.

ఒకటి బయల్దేరిన చోట నుంచి, ఒకటి మధ్యలో ఎక్కడి నుంచో, ఒకటి చేరిన చోట నుంచి. "తరలిస్తే రోగం వస్తుంది" అన్న ఒక్క మాటలో ఈ మూడూ ఇమడవు.

ఎక్కడ చూడాలి: ప్రయాణాల పటం గీయడం

ప్రతి చోటా ప్రతి పక్షినీ పరీక్షించే డబ్బు, మనుషులు ఏ సంరక్షణ కార్యక్రమానికీ ఉండరు. మరి ఎక్కడ కాపు కాయాలి? మాసీ యూనివర్సిటీ పరిశోధకులు తకహే విషయంలో దీనికి ఒక పద్ధతి వాడారు. ఏ పక్షి ఎప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందన్న పాత రికార్డులన్నీ పోగేసి, సోషల్ నెట్‌వర్క్ విశ్లేషణతో చదివారు. 2014లో ఆ అధ్యయనం అచ్చయింది.

పద్ధతి అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. కింది అంకెలు నేను ఊహించి పెట్టినవి. ఐదు చోట్లు: సంతానోత్పత్తి కేంద్రం, కొండ, తూర్పు ద్వీపం, పడమటి ద్వీపం, ఆసుపత్రి. కొన్నేళ్లలో కేంద్రం నుంచి కొండకు 30 పక్షులు, కొండ నుంచి కేంద్రానికి 12, కేంద్రం నుంచి తూర్పు ద్వీపానికి 8, తూర్పు ద్వీపం నుంచి పడమటి ద్వీపానికి 4, పడమటి ద్వీపం నుంచి కేంద్రానికి 3, తూర్పు ద్వీపం నుంచి ఆసుపత్రికి 2, ఆసుపత్రి నుంచి కేంద్రానికి 2 వెళ్లాయనుకుందాం.

ప్రతి చోటుకూ మూడు సంగతులు చూడాలి. లోపలికి ఎన్ని వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి, మిగతా చోట్ల మధ్య దారులు ఎన్నిసార్లు ఆ చోటు మీదుగా పోతాయి. కేంద్రానికి వచ్చినవి 12, 3, 2 కలిపి 17. వెళ్లినవి 30, 8 కలిపి 38. కొండకు వచ్చినవి 30, అక్కణ్ణుంచి వెళ్లినవి 12. కొండ నుంచి ఏ ద్వీపానికి చేరాలన్నా, ద్వీపం నుంచి కొండకు చేరాలన్నా కేంద్రం మీదుగానే దారి. కాజీపేట జంక్షన్‌లో ఇబ్బంది వస్తే దాని ప్రభావం అన్ని దారుల రైళ్ల మీదా పడినట్టే, ఈ కేంద్రంలో ఒక బాక్టీరియా పాగా వేస్తే అన్ని దారుల్లోకీ వెళ్తుంది. దీన్ని హబ్ అంటారు. కొండ లాంటి చోటుకు ఎక్కువ వస్తాయి, తక్కువ పోతాయి. ఎక్కడెక్కడి నుంచి వచ్చినవీ చివరికి పోగుపడే చోటు అది.

ఇక ఆసుపత్రి. రెండు పక్షులు వచ్చాయి, రెండు వెళ్లాయి. అంకెల్లో చాలా చిన్నది. కానీ అక్కడికి వచ్చేవి జబ్బు పక్షులు, చుట్టూ ఉండేవి ఇతర జాతుల జబ్బు పక్షులు. పక్షుల సంఖ్య మాత్రమే లెక్కపెట్టే పటంలో ఈ తేడా కనబడదు. పటం గీసినవాళ్లు దాన్ని తమ బుద్ధితో చేర్చాల్సిందే.

అసలు తకహే రికార్డుల్లో తేలింది కూడా ఇదే తీరు. 2011 నాటి చివరి నెట్‌వర్క్ వచ్చేదాకా ఏటా సంతానోత్పత్తి కేంద్రమే హబ్‌గా నిలిచింది. మర్చిసన్ పర్వతాలు అన్నీ వచ్చి చేరే చోటుగా కనిపించాయి. ద్వీపాల, ఆసుపత్రి ప్రాధాన్యం ఏటేటా మారింది. దీన్నుంచి ఒక పని తేలుతుంది. వ్యాప్తిని ముందుగా పసిగట్టాలంటే కేంద్రంలో శాంపిళ్లు తీయాలి. ఇప్పటికే ఏమేం చేరాయో తెలియాలంటే కొండల్లో తీయాలి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని పటం చూసేదాకా చాలామందికి తట్టదు. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, శ్రద్ధగా రాసిన పుస్తకం కావాలి. తరలింపు రికార్డు రాసే ఉద్యోగి పని ల్యాబ్‌లో పని చేసేవారి పని కంటే ఏమాత్రం తక్కువది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పద్ధతిని విమర్శించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. పటంలో ఉన్నవి మనుషులు మార్చిన పక్షులే. పుకెకో అనే బంధువు పక్షి ఎగురుతుంది, తకహే మేసే గడ్డిలోనే మేస్తుంది, ఎక్కడికి వెళ్లిందో ఎవరూ రాయరు. పిచ్చుకలు, సముద్రకాకులు, వాననీటి కాలువలు, సందర్శకుల బూట్లు కూడా అంతే. హిహీల సంఘటనలో బాక్టీరియా ఏ రికార్డులోని దారిలోనూ వచ్చినట్టు లేదు.

నెగెటివ్ అంటే ఎంత నెగెటివ్

పక్షుల్ని పంపే ముందు రెట్టను గానీ, విసర్జన రంధ్రం నుంచి తీసిన స్వాబ్‌ను గానీ ల్యాబ్‌కు పంపుతారు. పాత పద్ధతి కల్చర్: తగిన ఆహారం మీద బాక్టీరియాను పెంచి చూడటం. కొత్తది మనందరికీ కోవిడ్ రోజుల్లో అలవాటైన పీసీఆర్: బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికి చూడటం. దారిలో శాంపిల్ ఎండిపోతే కల్చర్‌లో ఏమీ మొలవదు. పీసీఆర్‌లో చచ్చిన బాక్టీరియా కూడా పట్టుబడుతుంది. పైగా వాహక పక్షి రోజూ బాక్టీరియాను వదలదు. సాల్మొనెల్లా విషయంలో ఇది బాగా తెలిసిన సంగతి.

దీని ప్రభావం ఎంతో లెక్కలోనే తెలుస్తుంది. 20 పక్షుల్ని పంపాలి. వంద పక్షుల్లో ఐదు వాహకాలు అనుకుందాం. ఏ పరీక్షా చేయకుండా పంపితే ఆ 20లో కనీసం ఒక వాహకం ఉండే అవకాశం 64 శాతం. ఇప్పుడు ప్రతి పక్షినీ ఒకసారి పరీక్షించి, పాజిటివ్ వచ్చినవాటిని ఆపేద్దాం. పరీక్ష పది వాహకాల్లో ఆరింటినే పట్టుకోగలదనుకుంటే, కనీసం ఒకటి కళ్లుగప్పి వెళ్లే అవకాశం ఇంకా 33 శాతం ఉంటుంది. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు పరీక్షిస్తే అది దాదాపు 15 శాతానికి తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు. అందరికీ "నెగెటివ్" కాగితం ఉన్నా, ఒక్కసారే పరీక్షించే పద్ధతిలో మూడింట ఒక వంతు ప్రయాణాల్లో వాహకం ఉన్నట్టే.

ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. పెద్ద గుంపులో 30 పక్షుల్ని పరీక్షించి ఒక్క పాజిటివ్ కూడా రాకపోతే ఆ గుంపులో రోగం లేదనగలమా? మూడును శాంపిళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక గరిష్ఠ హద్దు వస్తుంది. 3ను 30తో భాగిస్తే 0.1. అంటే గుంపులో పది శాతం వరకు సోకి ఉన్నా ఇలాంటి ఫలితం రావడం అసాధ్యం కాదు. పరీక్ష నూటికి నూరు శాతం నమ్మదగినదైనా సంగతి ఇది. నమ్మకం తగ్గేకొద్దీ హద్దు పెరుగుతుంది. అసలు మొత్తం గుంపే యాభై పక్షులైతే 30 పరీక్షలకు విలువ ఎక్కువ, ఎందుకంటే సగానికి పైగా చూసేసినట్టే. అరుదైన జాతికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం ఇదేనేమో.

ఎవరి నుంచి ఎవరికి: జన్యుక్రమం చెప్పేది, చెప్పలేనిది

పేరు కలిసినంత మాత్రాన దారి తెలిసినట్టు కాదు. రెండు చోట్ల సాల్మొనెల్లా దొరికితే అది ఒకటే గొలుసు కావచ్చు, సంబంధం లేని రెండు సంఘటనలు కావచ్చు. అందుకే బాక్టీరియా మొత్తం జన్యుక్రమాన్ని చదువుతున్నారు. క్యాంపైలోబాక్టర్ జెజునై జన్యుక్రమం దాదాపు 16 లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవు. బాక్టీరియా రెట్టింపయ్యేటప్పుడు అప్పుడప్పుడూ ఒక అక్షరం తప్పుతుంది, ఆ తప్పు తర్వాతి తరాలకు వెళ్తుంది.

కేంద్రంలోని పక్షి నుంచి తీసిన బాక్టీరియాకూ ద్వీపంలోని పక్షి బాక్టీరియాకూ 5 అక్షరాల తేడా, కొండ పక్షి బాక్టీరియాతో 1,500 అక్షరాల తేడా ఉందనుకోండి. మొదటి రెండూ ఈమధ్యే విడిపోయాయి, మూడోది ఎప్పుడో వేరుపడింది. ఇప్పుడు ప్రయాణాల పుస్తకం తెరిస్తే కేంద్రం నుంచి ద్వీపానికి పక్షి వెళ్లిన తేదీ దొరుకుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి బలమిస్తాయి. తకహే పరిశోధకులు క్యాంపైలోబాక్టర్‌ను ఎంచుకోవడంలో తెలివి ఇక్కడే ఉంది. చంపే బాక్టీరియా అరుదుగా దొరుకుతుంది, దొరికేసరికి ఆలస్యమైపోతుంది. దాదాపు ప్రతి పక్షిలో ఉండి, హాని చేయక, త్వరగా మారే బాక్టీరియాను గమనిస్తే, రేపు ప్రమాదకరమైనది వస్తే ఏ దారుల్లో పారుతుందో ఇవాళే తెలుస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. 5 అక్షరాల తేడా "దగ్గరివి" అని చెబుతుంది, "కేంద్రం నుంచే ద్వీపానికి వెళ్లింది" అని ఒంటరిగా చెప్పదు. తిరుగుదారి కావచ్చు, రెండూ ఒకే పుకెకో గుంపు నుంచి తెచ్చుకుని ఉండొచ్చు. ఒక పక్షిలోనే ఒకే జాతి బాక్టీరియావి రెండు మూడు వంశాలు ఉండొచ్చు. స్వాబ్‌కు ఏది అంటుకుందో దాన్నే మనం చదువుతాం.

జాగ్రత్త ఎంత దాటితే నష్టం

ఇక్కడ నిపుణుల్లో నిజాయితీగల భేదాభిప్రాయం ఉంది.

కొందరు గట్టి క్వారంటైన్, పదేపదే పరీక్షలు కావాలంటారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ద్వీపంలోకి ఒకసారి చేరిన బాక్టీరియాను వెనక్కి తీసుకోలేం, వేలాది చదరపు మీటర్ల మట్టిని కడగలేం. 80, 90 పక్షులున్న జాతికి ఒక్క సంఘటన చాలు. ప్రయాణాన్ని ఒక నెల వాయిదా వేస్తే జాతి పోదు.

ఇంకొందరు పక్షిని బోనులో ఉంచే ప్రతి రోజుకూ ఖరీదు ఉందంటారు. బోను అంటే ఒత్తిడి, ఒత్తిడితో రోగనిరోధకశక్తి తగ్గుతుంది, మౌనంగా ఉన్న బాక్టీరియా లేస్తుంది. కాకాపో ఉదంతాన్ని ఈ కోణంలో కూడా చదవొచ్చు. బంధించిన పక్షుల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే ఊపిరితిత్తుల రోగం మరో భయం. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తే మంచి బాక్టీరియా కూడా పోతుంది, ఆ ఖాళీలోకి వచ్చేది ఇంకా చెడ్డది కావచ్చు. ఒక జాతి మీదే బతికే సూక్ష్మజీవులు, పరాన్నజీవులు కూడా జీవవైవిధ్యంలో భాగమేనన్న మాటను ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. 1980ల్లో కాలిఫోర్నియా కాండార్ రాబందుల్ని పట్టి పెంచేటప్పుడు పేన్ల మందు కొట్టారు. ఆ రాబందు మీద తప్ప ఎక్కడా బతకని ఒక పేను జాతి దాంతో లోకం నుంచే పోయిందని భావిస్తున్నారు.

మూడో మాట డబ్బు గురించి. 2007లో స్టోట్‌లు విపరీతంగా పెరిగి మర్చిసన్ పర్వతాల తకహేల్లో దాదాపు సగాన్ని తినేశాయి. ఏ బాక్టీరియా కూడా వాటికి అంత నష్టం చేయలేదు. ఉన్న డబ్బు స్టోట్‌లను పట్టే బోనులకు పెట్టాలా, జన్యుక్రమాలకు పెట్టాలా అని రేంజర్ అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం.

ఈ వాదాల మధ్య దారిగా రోగ ప్రమాద విశ్లేషణ అనే పద్ధతి నిలబడింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్), ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కలిసి 2014లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చాయి. అన్ని రోగాలకూ ఒకే పరీక్షల జాబితా పెట్టకుండా, ఈ జాతికి, ఈ రెండు చోట్లకు, ఈ ప్రయాణానికి ఏవి నిజమైన ప్రమాదాలో ముందు తేల్చమంటుంది. రెండు చోట్లా ఇప్పటికే ఉన్న బాక్టీరియా మీద డబ్బు తగలేయక్కర్లేదు. పంపే చోట ఉండి, చేరే చోట లేనిది ఏదో అదే ముఖ్యం. అది తెలియాలంటే రెండు చోట్లా ఏమున్నాయో ముందే తెలియాలి. పక్షులు ఆరోగ్యంగా ఉన్న ఏళ్లలో తీసి ఫ్రీజర్‌లో దాచిన శాంపిళ్లు అప్పుడు అక్కరకొస్తాయి. హిహీల్లో డీటీ195 కొత్తదని వెంటనే చెప్పగలిగారంటే, అంతకుముందు ఏ రకాలు తిరుగుతున్నాయో దేశమంతటి రికార్డు ఉండటం వల్లే.

మన బట్టమేక పిట్ట దారి

ఒకప్పుడు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో సులువుగా కనిపించిన బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇప్పుడు ప్రధాన ఆశ రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతం. అక్కడి అడవి గూళ్ల నుంచి గుడ్లు తెచ్చి, 2019 నుంచి సమ్ కేంద్రంలో పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. రెండింటి గమ్యం ఒకటే, ఏదో ఒకరోజు పక్షుల్ని బయట వదలడం.

గుడ్డు ప్రయాణం పక్షి ప్రయాణం కంటే శుభ్రమైనదే అయినా పూర్తిగా శుభ్రమైనది కాదు. సాల్మొనెల్లా పెంకు మీద అంటుకుని రాగలదు, కొన్ని రకాలు లోపలికే చేరగలవు. ఇంక్యుబేటర్‌లో పుట్టిన పిల్ల తల్లి దగ్గర, గూటి మట్టిలో దొరకాల్సిన బాక్టీరియాకు బదులు మనుషుల చేతుల మీది, కేంద్రం నేల మీది బాక్టీరియాతో జీవితం మొదలుపెడుతుంది. ఆ పిల్ల పెద్దదై గడ్డిమైదానానికి చేరితే అక్కడి పశువుల, కుక్కల, చెరువుల బాక్టీరియాను మొదటిసారి ఎదుర్కొంటుంది. ఏ గుడ్డు ఏ గూటి నుంచి వచ్చింది, ఏ గదిలో పొదిగింది, ఏ పిల్ల ఏ పిల్ల పక్కన పెరిగింది, వారం వారం రెట్టలో ఏం దొరికింది అన్న రికార్డు ఇప్పుడు రాసి పెట్టుకుంటేనే, వదిలిన మొదటి పక్షి నలతపడిన రోజున అది కేంద్రం నుంచి తెచ్చుకున్నదో మైదానంలో అంటించుకున్నదో తేల్చగలుగుతారు.